నాయిన పెట్టెల దొరికిన కారు

మేడ్చల్,
23-11-1998.

అక్క మైసమ్మకు తమ్ముడు సిద్దయ్య దండాలు. బావను అడిగినట్టు చెప్పు.

ఇక్కడ అందరం మంచిగున్నమని రాసుడు అలవాటు గానీ, ఈ పారి గట్ల రాయబుద్ధి అయితలేదు. పిల్లలు మంచిగనే ఉన్నరు, మీ మరదలు మంచిగనే ఉన్నది. నాకే మూడు దినాల సంది అన్నం పోతలేదు.

నాకు బొమ్మ కార్ల పిచ్చి ఉన్నదని నీకు ఎరుకనే. తొమ్మిదేండ్ల కింద నాయిన పోయినంక ఆయన రేకు పెట్టెల, ఖాకీ అంగిల చుట్టిపెట్టిన చిన్న ఆస్టిన్ కారు దొరికింది సూడు, దానితోనే షురూ అయింది గీ పిచ్చి. అరచేతిల పట్టేటంత కారు. ఇంగ్లండుల పోతపోసింది. టాపు ముక్కలైంది, చక్రాలు రెండే ఉండె, రంగంతా రాలిపోయింది. దాన్ని బాగుచెయ్యాలె అనుకున్న. చేతకాలే. అప్పుడు ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల వేరే పాత కార్లు ఏరుకొచ్చి వాటి మీద నేర్చుకున్న. పదకొండు కార్లు అయినంక, చెయ్యి కుదిరినంక, నాయిన కారు ముట్టుకున్న. ఏడాదిన్నర పట్టింది.

గా అంగట్లనే రఘునందన్ సారు దోస్తు అయిండు. బ్యాంకుల పని, గుడివాడ దిక్కు మనిషి, బహదూర్‌పల్లిల కాలనీల ఇల్లు కట్టుకున్నడు. ఆయనకు కూడ ఇదే పిచ్చి. ఆయనోళ్లది ఒక క్లబ్బు ఉన్నది. మొన్న ఇరవై తారీఖు పట్నంల ప్రదర్శన పెట్టిన్రు. "నీ ఆస్టిన్ పట్టుకురా సిద్దయ్యా, మావన్నీ దాని పక్కన దిగదుడుపే" అని ఆయనే పిలిచిండు. ఫ్యాన్ల కంపెనీల రంగు కొట్టేటోన్ని, నన్ను గంత మంది పెద్దోళ్ల నడుమ నిలవెట్టిండు అక్కా. బల్ల మీద కారు, దాని ముంగట అట్టముక్క మీద నా పేరు. మస్తు మంది వంగి వంగి చూసిన్రు. ఒక పెద్దాయన అద్దం పెట్టి సీట్లు చూసి, ఇంత చిన్న కుట్లు ఎట్ల ఏసినవని అడిగిండు.

పదకొండు గొట్టంగ ఒకాయన వచ్చిండు. నలభై దాటి ఉంటయ్. కారు చేతిలకు తీస్కొని తిప్పిండు. అడుగున మొలతోని గీకినట్టు ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉంటది. దాన్ని చూసి ఆయన మొఖం మారిపోయింది. ఇది ఎవలిదని గట్టిగ అడిగిండు. నాదన్న. మీ నాయిన పేరేందన్నడు. శంకరయ్య అన్న. అప్పుడు అందరు వినేటట్టు అన్నడు: "అరవై నాలుగుల శామీర్‌పేట మా బంగళాల పోయిన కారిది. మా డ్రైవర్ శంకరయ్య దొంగతనం చేసిండు. గీ అక్షరం నేనే చెక్కిన."

హేమచంద్ అంట ఆయన పేరు. నాయిన పని చేసిన దొర కొడుకు. అరవై మంది ఉండొచ్చు హాల్ల. అందరు నా దిక్కు చూసిన్రు. మా నాయిన దొంగ కాదని నేనన్న. నా గొంతు నాకే ఇనవడలే. క్లబ్బోళ్లు నా పేరున్న అట్టముక్క తీసేసిన్రు. కారు ఎవరిదో తేలేదాక రఘునందన్ సారు దగ్గర పెడ్తమన్నరు. మూడు నెలలల్ల తిరిగియ్యకపోతే పోలీసు టేషన్ల కాయితం ఇస్తనని హేమచంద్ అన్నడంట.

నేనప్పుడు నాలుగేండ్లోన్ని. నాకేం యాదికి లేదు. నీకు తొమ్మిదేండ్లు. అమ్మ దొంగతనమనేది గానీ ఏం పోయిందో ఎన్నడు చెప్పలే, దొరకు నాయిన మీద కోపమొచ్చి తీసేసిండని నువ్వు చెప్తుంటివి. అసలేమైందో వివరంగ రాయి. వీలైతే రా. నువ్వు నా ఎంబడి వచ్చి నిలవడి చెప్పాలె.

నీ తమ్ముడు
సిద్దయ్య

*

భిక్కనూరు,
4-12-1998.

తమ్ముడు సిద్దయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేం మంచిగున్నం. మీ బావకు మోకాలి నొప్పి గట్లనే ఉన్నది. అంగన్‌వాడీల పిల్లలకు ఈ నెల పప్పు రాలే, బియ్యమొక్కటే వచ్చినయ్. సూపర్‌వైజరమ్మ వస్తదంటున్నరు, అందుకని సెలవు దొరకదు.

గా కారు సంగతి. వాళ్లదే అంటున్నరు గదా, ఇచ్చెయ్యి. పెద్దోళ్లతోని మనకెందుకు. నీకు ఇంకా పదకొండు కార్లున్నయ్ అంటివి. అరవై మంది ఏమనుకుంటే ఏంది, రేపు వాళ్లకు యాదికి కూడ ఉండదు.

నాయిన దొంగ కాదు. గంతే. ఇంకేం రాయాలె.

పిల్లలకు చలి తగలనియ్యకు.

అక్క
మైసమ్మ

*

మేడ్చల్,
13-12-1998.

అక్కకు దండాలు.

నీ ఉత్తరం మూడు సార్లు సదివిన. పప్పు సంగతి ఉన్నది, మోకాలి సంగతి ఉన్నది. నేనడిగింది లేదు. పరాయోనికి రాసినట్టు రాసినవ్.

ఇచ్చెయ్యి అంటున్నవ్. ఏమిచ్చెయ్యాలె? నీకు బొమ్మ లెక్క కనవడ్తాంది గావచ్చు. విను. గా పోత లోహానికి మాట్లు అంటవు. టాపు అతకాలని నాలుగు నెలలు చూసి, ఆఖరికి పల్లినూనె డబ్బ రేకు కోసి కొత్త టాపు చేసిన. రేకు వంపు కుదరక తొమ్మిది టాపులు పారేసిన, పదోది కుదిరింది. టైర్లు రబ్బరు వాషర్లు అరగదీసి చేసినయ్. సీట్లు పాత బస్సు సీటు రెగ్జిన్‌ను బ్లేడుతోని పల్చగ గీకి, లోపల దూది పెట్టి కుట్టినయ్. స్టీరింగు ఫ్యాను వైండింగు తీగె. ముంగటి లైట్లకు మీ మరదలి గిల్టు కమ్మల రాళ్లు తీస్తే ఆమె వారం దినాలు నాతోని మాట్లాడలే. తలుపు సందుల గోరంత పాత రంగు మిగిలి ఉండె. ఆకుపచ్చ. దానికి సరిపోయే రంగు కలిపేందుకు ఎన్నిసార్లు తప్పినో లెక్క లేదు. మా ఫోర్‌మన్ చూసి, కంపెనీల ఇంత శ్రద్ధ పెడితే నిన్ను సూపర్‌వైజర్ జేద్దురు గదరా అన్నడు. ఇన్ని చేసింది ఎందుకు? నాయిన దాచిపెట్టుకున్నడని. గా ఒక్క వస్తువే దాచిపెట్టుకున్నడని.

ఇగ ఇది విను. నిన్న రఘునందన్ సారు ఇంటికొచ్చిండు. చాయ్ తాగిండు. జేబులకెల్లి ఒక కాయితం తీసిండు, టైపు కొట్టిచ్చి తెచ్చిండు. "నా తండ్రి శంకరయ్య 1964లో అనుమతి లేకుండా తీసుకుపోయిన వస్తువును తిరిగి ఇచ్చుచున్నాను, జరిగినదానికి విచారించుచున్నాను" అని ఉన్నది. కింద నా సంతకానికి జాగ విడిచిండు. ఇదేంది సారూ అంటే, "ఒక్క సంతకంతో పోతుంది సిద్దయ్యా. ఆయన పెద్ద కుటుంబం. క్లబ్బు పేరు పాడవుతుందని అందరూ నన్నే అంటున్నారు" అన్నడు. మంచి మనిషే అక్కా, చెడ్డోడు కాదు. గందుకే ఇంకా కోపమొచ్చింది. చచ్చిపోయినోన్ని దొంగ జేస్తే క్లబ్బు పేరు నిలవడ్తదంట. కాయితం ఆయన ముంగట్నే బల్ల మీద బోర్లేసిన. సంతకం పెట్టనన్న.

నాయినకు పధ్నాలుగేండ్ల నౌకరి పోయింది. లైసెన్సు గుంజుకున్నరు. డ్రైవర్ శంకరయ్య పోయి ద్రాక్ష తోటల్ల పురుగుల మందు కొట్టే శంకరయ్య అయిండు. గా మందుకే కండ్లు పోయినయ్ ఆయనకు. అదంతా దేనికోసమో తెలుసుకునే హక్కు నాకు లేదా? పెట్టె తెరిచిననాడు నువ్వు గా కారును చూసి లేచి బయటికి పోయినవ్. పొయ్యి పొగకు కండ్లు మండి పోయినవనుకున్న అప్పుడు. పొయ్యి ఎలిగించి లేకుండె అక్కా. ఇప్పుడు యాదికొస్తాంది.

నీకు తెలిసింది రాయి. అబద్ధమైతే రాయకు.

సిద్దయ్య

*

భిక్కనూరు,
27-12-1998.

తమ్మీ,

గా కారును తీసింది నాయిన కాదు. నేను.

ఇట్ల ఒక్క ముక్కల రాసెయ్యాలని పది దినాల సంది కూసుంటున్న. ఇప్పుడు రాసిన. ఇగ మిగిలింది కూడ రాస్త, సదివి నీ ఇష్టం.

నాయినకు సద్ది ఇచ్చేందుకు నేను దినాం బంగళాకు పోయేదాన్ని. కారు షెడ్డు కాడ నిలవడి ఇచ్చి రావాలె, అరుగు దిక్కు పోవద్దని నాయిన కట్టడి. దొర కొడుకు అరుగు మీద కార్లు వరుసగ పెట్టి ఆడుకునేటోడు. ఏడు కార్లు. ఆ దినం వాణ్ని అన్నానికి లోపలికి పిలిచిన్రు. నేను పోయి ఒకటి తీస్కొని లంగ అంచుల కట్టుకొని వచ్చిన. నీకు చూపిద్దామని తెచ్చిన అని రాస్తే నువ్వు మెత్తవడ్తవేమో. అబద్ధం. నా కోసమే తెచ్చిన. దాని తలుపు కాడ ఆకుపచ్చ రంగు మెరుస్తుంటే చేతిల పట్టుకోవాలనిపించింది.

ఇంట్ల పెడితే అమ్మకు దొరుకుతదని, బండ్ల బాట పక్కన గడ్డి కింద దాచిన. తెల్లారి ద్రాక్ష గంపల బండి వచ్చి దాని మీదికెల్లి పోయింది. నేను ముక్కలు పట్టుకొని ఏడుస్తుంటే నాయిన చూసిండు.

నన్ను కొట్టలే తమ్మీ. కొట్టి ఉంటే బాగుండు. మొఖం కడిగిండు. బంగళాల గొడవ నడుస్తాందని, ముందటి దినం సంది పనోళ్లందరినీ నిలవెట్టి అడుగుతున్నరని ఆయనకు ఎరుక. అంతకు ముందు ఎండకాలం మామిడికాయ తెంపిండని జీతగాని కొడుకును పొద్దుందాక స్తంభానికి కట్టేసిన్రు, అదీ ఎరుక. నా రెండు చేతులు పట్టుకొని, "ఇది నేను తీసిన. నువ్వు చూడలే. మీ అమ్మకు గూడ చెప్పకు" అన్నడు. మళ్ల ఒక్కసారి చెప్పిచ్చిండు నాతోని. నేను చెప్పిన: నువ్వు తీసినవ్, నేను చూడలే.

ఆయన గా ముక్కలు తీస్కొని బంగళాకు పోయిండు. నేను ఎనక పోయి గేటు సందులకెల్లి చూసిన. దొర కుర్చీల కూసున్నడు. నాయిన టోపీ తీసి ఇచ్చిండు. జేబుల లైసెన్సు కూడ తీయమన్నడు దొర, తీసిండు. దొర దాన్ని సొరుగుల ఏసిండు. ఈ చుట్టుపక్క ఏ బండి మీద కనవడ్డా ఊకోనన్నడు. పగిలిన కారును చేతిలకు తీస్కొని చూసి, నాయిన కాళ్ల ముంగట ఇసిరేసి, "గిది నువ్వే ఉంచుకో" అన్నడు. నాయిన కంకర మీద వంగి ముక్కలు ఏరుకుంటుంటే పక్కపొంటి పనోళ్లు చూస్తున్నరు. ఒక చక్రం గడ్డిలనే పోయింది, ఇంకొకటి గాడ దొరకలే. దాని కోసం ఎంతసేపు ఎతికిండో. దొర లోపలికి పోయిండు, పనోళ్లు పోయిన్రు, ఆయన ఇంకా ఎతుకుతనే ఉన్నడు.

ఆ నెలలనే మనం శామీర్‌పేట విడిచి మేడ్చల్ తోటల పనికి వచ్చినం. ఆయన ఎన్నడు గా ముచ్చట ఎత్తి నన్ను ఒక్క మాట అనలే. నా పెండ్లి అప్పగింతల నాడు చెప్దామనుకున్న. అమ్మ పక్కనే ఉండె. ఆయన కండ్లు పోయినంక మంచం కాడ కూసొని చెప్పబోతే, ఆయనే చెయ్యి ఎత్తి వద్దన్నడు.

ఇదే సంగతి. అబద్ధం లేదు.

మైసమ్మ

*

మేడ్చల్,
5-1-1999.

మైసమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది.

అమ్మ సచ్చేదాక నాయినను దొంగ అన్నది. పండుగకు పిండివంట లేకున్నా, పిల్లలకు జరమొచ్చినా, ఇల్లు కురిసినా గదే మాట. దొంగతనం చెయ్యకుంటే మనకీ గతి ఎందుకని. నేను గూడ ఒకసారి అన్న. పదో తరగతి తప్పిననాడు, నువ్వు మంచిగుంటే నేను పట్నంల సదివేటోన్ని అని ఆయన మొఖం మీదనే అన్న. మీరు గా దినం ఇంట్లనే ఉన్నరు. బియ్యం ఏరుతున్నరు. తల ఎత్తలే.

తొమ్మిదేండ్ల పిల్లకు నోరు రాలేదంటే నాకు సమజైతది. ఇరవై ఏండ్లప్పుడు? ముప్ఫై ఏండ్లప్పుడు? అమ్మ పాడె లేచేటప్పుడన్న?

అరవై మంది ముంగట మా నాయిన దొంగ కాదన్న. అప్పుడు నాకు తెల్వకున్నా నిజమే అన్న. తెలిసినోళ్లు ముప్ఫై నాలుగేండ్లు ఊకున్నరు.

ఇగ ఉత్తరాలు రాయకున్రి.

సిద్దయ్య

*

భిక్కనూరు,
26-1-1999.

తమ్మీ,

రాయద్దన్నవ్. రాస్తున్న. గారు అని రాసినవ్, పడ్డ. నువ్వన్న మాటల్ల ఒక్కటి గూడ తప్పు లేదు. నేను పిరికిదాన్ని, నాయిన నోరు మూసిండని సాకు చెప్పుకొని బతికిన. గానీ నా మీద కోపంల ఇంకొకలను మరిచిపోకు. తప్పు చేసింది తొమ్మిదేండ్ల పిల్ల. దానికి శిక్ష ఏసింది పెద్దమనిషి. పధ్నాలుగేండ్లు ఒక్క గీత పడకుండ బండి నడిపినోని చేతులకెల్లి స్టీరింగు గుంజుకున్నది ఒక బొమ్మ కోసం. గది మరిచిపోయి మనిద్దరం కొట్లాడుకుంటే వాళ్లు సల్లగుంటరు.

మొన్న ఆదివారం నేను శామీర్‌పేట పోయిన. పొద్దున ప్యాసింజరుకు మేడ్చల్ల దిగిన. నీ ఇంటి దిక్కు చూసిన. రాలే. ఏం మొఖంతోని వస్త. బస్సెక్కి పోయిన.

బంగళాకు కొత్త గేటు పెట్టిన్రు. షెడ్డు లేదు, ఆ జాగల పూల కుండీలున్నయ్. పేరు చెప్తే హేమచంద్ రమ్మన్నడు, కుర్చీ గూడ ఏయించిండు. కూసోలే. నిలవడే చెప్పిన. కారు తీసింది నేను సార్, మా నాయిన కాదు అని.  ఆయనేమన్నడో ఎరుకనా? నిజం చెప్పాల్నంటే డ్రైవర్ ఎందుకు మారిండో నాకు యాదికే లేదు, అప్పుడు పదిహేను దినాలల్ల మా డాడీ ఇంకో తీరు బొమ్మ కారు తెప్పిచ్చిండు అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. చెడుగ అనలే. దొంగ శంకరయ్య అన్న ముచ్చట ఇంట్ల ఎవలో చెప్తే యాదిల ఉండిపోయిందంట.

యాదికి లేదంట తమ్మీ. మన ఇల్లంతా గా ఒక్క దినం కిందనే నలిగింది. వానికి యాదికి లేదంట.

గా కారు మీ నాయిననే ఇసిరేసి ఉంచుకొమ్మన్నడని చెప్పిన. కోపంల అని ఉంటడు, రాసియ్యలేదు గదా అన్నడు. ఇంకా, అసొంటి పాత కార్లకు ఇప్పుడు మస్తు గిరాకి ఉన్నదని, నా వరుసల ఏడోది అదొక్కటే తక్కువున్నదని చెప్పిండు. లైసెన్సు అడిగిన. కాయితాలన్నీ చెదలు తిన్నయ్ అన్నడు. పోనియ్యమ్మా, కారు పంపిస్తే టేషను మాట తియ్యనన్నడు, ఏదో దానం చేసినట్టు.

నాకు చేతనైంది గిదే. నువ్వు కారు ఇస్తవో ఇయ్యవో నీ చేతుల పని, నీ ఇష్టం. గానీ డిసెంబర్ ఆఖరుల నేను రాసిన ఉత్తరం ఉన్నది గదా, దాన్ని గా క్లబ్బుల చదివియ్యి. నా పేరుతోని, ఊరి పేరుతోని. ఒక్క మాట తియ్యద్దు. ఏ మందిల నాయినను దొంగ అన్నరో గా మందిల్నే దొంగ పేరు మైసమ్మ అని తెల్వాలె. మీ బావకు అన్నీ చెప్పిన. చదివియ్యమన్నడు.

మైసమ్మ

*

మేడ్చల్,
22-2-1999.

అక్కా,

నిన్న క్లబ్బోళ్ల మీటింగు అయింది. బహదూర్‌పల్లి కాలనీల, వాళ్ల హాల్ల. జరిగింది జరిగినట్టు రాస్తున్న.

వారం ముందు రఘునందన్ సారు ఇంటికి పోయి నీ ఉత్తరం చేతిల పెట్టిన. ఆయన సదివి, కండ్లద్దాలు తుడుచుకొని, మళ్ల సదివిండు. లోపలికి పోయి కారు తెచ్చి నాకిచ్చిండు. "ఆ కాగితం తెచ్చినందుకు నన్ను క్షమించు సిద్దయ్యా" అన్నడు.  మీటింగుకు హేమచంద్‌ను పిలువున్రి, కారు ఇస్తనని చెప్పుమన్న. ఆయన నన్ను అదోలా చూసిండు గానీ అడగలే.

ఇంటికొచ్చి కారును బల్ల మీద పెట్టి చూసుకుంట కూసున్న. హేమచంద్‌ది వానికి ఇయ్యాల్సిందే అనుకున్న. అయితే వానిది ఎంత? వారం దినాలు డ్యూటీ దిగి వచ్చి గా లెక్కనే తీసిన. ముందు టాపు ఊడగొట్టిన, అది పల్లినూనె డబ్బ. చక్రాలు నాలుగిట్ల రెండు నేను చేసినయ్, తీసిన. ఆ పాత రెండిటి మీది టైర్లు కూడ తీసిన. సీట్లు తీసిన. స్టీరింగు, అద్దాలు, బంపర్లు, లైట్ల రాళ్లు తీసిన. ఒక్కోటి ఊడదీసి పాత గుడ్డల చుట్టి పక్కకు పెట్టిన. ఆఖరుకు రంగు. రిమూవర్ పూసి బట్టతోని తుడిస్తే ఆకుపచ్చంతా ముద్ద లెక్క వచ్చింది. తలుపు సందుల వాళ్ల రంగు గోరంత ఉండె, దాన్ని ముట్టలే. అది వాళ్లదే. మీ మరదలు చూసి, మతి పోయిందా ఏడాదిన్నర పనిని గట్ల జేస్తున్నవ్ అని అరిసింది. తర్వాత నీ ఉత్తరం సదివి, పక్కన కూసొని బట్ట అందిచ్చింది.

మీటింగుల ముప్ఫై అయిదు మంది దాక వచ్చిన్రు. హేమచంద్ ముంగటి వరుసల కూసున్నడు. రఘునందన్ సారు లేచి నీ ఉత్తరం సదివిండు. మన మాటలు ఆయన నోట్లె వేరే తీరుగ వచ్చినయ్ గానీ ఒక్కటి గూడ మార్చలే. చక్రం కోసం నాయిన ఎతికిన కాడికి వచ్చేసరికి ఆగిండు. నీళ్లు తాగి మళ్ల సదివిండు.  ఎనక కుర్చీల, ప్రదర్శనల నా సీట్లు అద్దం పెట్టి చూసిన పెద్దాయన ఉన్నడు, ఆయనొక్కడు అడిగిండు: "మరి ఆ లైసెన్సు తిరిగి ఇచ్చారా అండీ?" హేమచంద్ గడియారం చూసుకున్నడు.

నేను పోయి, కారు పెట్టుకొచ్చిన మిఠాయి డబ్బ ఆయన ముంగట పెట్టిన. మూత తీసి చూసిండు. టాపు లేని బోడి ముద్ద, ఉత్త చక్రాలు రెండు, అడుగున హెచ్ అక్షరం. కారు ఏది అన్నడు.

"ఇదే సార్ మీది. మిగిలింది మా ఇంట్ల చేసుకున్నది" అన్న.

దీన్ని నాశనం చేసినవ్, ఇగ దీనికి విలువే లేదన్నడు. మీ ఇంట్లకెల్లి వచ్చిననాడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది, నేనేం తగ్గియ్యలే అన్న. గొంతు ఈసారి మంచిగ లేచింది అక్కా, ఎనక కుర్చీల దాక ఇనవడ్డది. ఆయన చుట్టు చూసిండు. ఒక్కలు గూడ ఆయన దిక్కు మాట్లాడలే. డబ్బను బల్ల మీద నూకేసి లేచి పోయిండు. డబ్బ బోర్లపడి గా ముద్ద కిందవడ్డది, ఒక చక్రం ఊడి కుర్చీల కిందికి దొర్లింది. దాన్ని ఏరేందుకు ఇద్దరు ముగ్గురు వంగిన్రు. నేను వంగలే. గాడనే ఇడిచిపెట్టి వచ్చిన. మళ్ల ఎవలన్న తెచ్చిస్తే తీస్కుంటనా అంటే, తీస్కోను.

టేషను మాట ఇగ లేదని రఘునందన్ సారు పొద్దున కబురు జేసిండు. వచ్చే ఏడు ప్రదర్శనకు నా పేరు మీద బల్ల ఉంచుతరంట. పోతనో పోనో ఇంకా అనుకోలే.

కోపం పోయిందని నీకు రాస్తలేను. అమ్మ సంగతి యాదికొస్తే ఇంకా మండుతాంది. గానీ గా ముప్ఫై అయిదు మందిల నీ పేరు సదువుతుంటే, నువ్వు గాడ ఒక్కదానివే నిలవడ్డట్టు అనిపిచ్చింది నాకు. అది గూడ రాయాలె గదా.

ఒక పని ఉన్నది నీతోని. టాపు, చక్రాలు, సీట్లు, స్టీరింగు నా దగ్గర ఉన్నయ్. కింద బాడీ లేదు. రేకుతోని నేనే చేస్త. ఆస్టిన్ కాదు. బంగళాల నాయిన నడిపిన పెద్ద కారు చేస్త. దాని ఫోటో ఎక్కడ లేదు, మనింట్ల చూసినోళ్లల్ల మిగిలింది నువ్వే. దాని రంగు ఏంది, తీరు ఎట్లుంటది, ముంగటి జాలి కమ్ములు నిలువా అడ్డమా, అన్నీ రాయి. తెల్వంది ఊహించి రాయకు.

తమ్ముడు
సిద్దయ్య

*

భిక్కనూరు,
3-3-1999.

తమ్ముడు సిద్దయ్యకు అక్క దీవెనలు.

నీ ఉత్తరం మీ బావకు సదివి వినిపిచ్చిన. నువ్వు వంగలేదన్న కాడ ఆయన మంచం మీద లేచి కూసున్నడు.

కారు సంగతి రాస్తున్న. ముంగటి జాలి నిలువో అడ్డమో నాకు తెల్వది. షెడ్డుల అది మొఖం గోడకు పెట్టి ఉండేది. బయటికి పోయేటప్పుడు పిల్లలు ఎదురు రావద్దని గేటు ఎనక నిలవెట్టేటోళ్లు. గందుకే నేను దాన్ని ఎన్నడు ముంగటికెల్లి చూడలే. ఎనకకెల్లి మాత్రం ఎంతడిగినా చెప్త.

రంగు ముదురు ఎరుపు, ఎండిన కుంకుడుకాయ రంగుకు దగ్గర. ఎండల నిలవెడితే కొంచెం నల్లగ కొట్టేది. డిక్కీ గుండ్రంగ కిందికి జారినట్టు ఉండె. ఎనక లైట్లు రెండు, చిన్నగ, ఎడమ దానికి సన్న పగులు. బంపరు మీద కుడి దిక్కు ఒక చొట్ట ఉండేది, నాయిన దినాం గ్యాసునూనె గుడ్డతోని గాడనే ఎక్కువసేపు రుద్దేటోడు. బురద రెక్కల అంచుకు తెల్ల గీత ఉండె. చక్రాల నడుమ మూతలు మొఖం చూసుకునేటంత మెరిసేవి.

ఎనక అద్దం మస్తు చిన్నది, రొట్టె అంత. బండి గేటు దాటి మూల తిరిగేదాక గా అద్దంల నాయిన టోపీ, మెడ కనవడేవి. నేను గవే చూసుకుంట నిలవడేదాన్ని.

అసలుకు అద్దం చిన్నదే తమ్మీ. నువ్వు జర పెద్దగ పెట్టు.

అక్క
మైసమ్మ